'స్ట్రాంగ్' అను మాట – దాని సహవాసము

"ఆరు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురు" అని మన పెద్దలు చెప్పుదురు. మాటల విషయమున ఈ సామెత మరింత నిజము. మాటకు ఆరు నెలలు కూడ అక్కరలేదు. ప్రక్కన చేరిన మాటను బట్టి అది అప్పటికప్పుడే అర్థము మార్చుకొనును. ఆంగ్లములో మిక్కిలి సామాన్యమైన విశేషణములలో 'స్ట్రాంగ్' అనునది ఒకటి. దాని అర్థమేమని అడిగినచో ఆరవ తరగతి విద్యార్థి కూడ తడుముకొనక 'బలమైన' అని చెప్పును. ఉపాధ్యాయుడు సంతోషించి మార్కు వేయును. చిక్కు అక్కడనే మొదలగును.

ఒక మాటకు ఒక అర్థము తెలిసినచో దానిని ఎక్కడనైనను వాడవచ్చునను నమ్మకము మన తరగతులలో లోతుగా నాటుకొనియున్నది. ఈ నమ్మకము ఆంగ్ల వాచకముతోనే ఆగిపోయినచో నష్టము కొంచెమే. కాని అది రసాయన శాస్త్రపు తరగతిలోనికి కూడ నడచివచ్చి, అచ్చట పరీక్షలో మార్కులు పోవుటకే కాక, చేయి కాలుటకు కూడ కారణము కాగలదు. కావున ఈ ఒక్క మాటను ఉదాహరణగా తీసికొని ఆ నమ్మకము ఎంతవరకు సరియైనదో విచారింతము.

ఒక మాట – పలు ముఖములు

'స్ట్రాంగ్ రోప్' అనగా బరువు కట్టి లాగినను తెగని త్రాడు. ఇచ్చట 'బలమైన' లేక 'గట్టి' అను అర్థము చక్కగా సరిపోవును. 'స్ట్రాంగ్ టీ' అనగా ఆకు దండిగా వేసి మరిగించిన చిక్కని టీ. దీనిని 'బలమైన టీ' అన్నచో వినువాడు ఏదో బలవర్ధకమైన పానీయమనుకొనును. 'స్ట్రాంగ్ స్మెల్' అనగా ఘాటైన వాసన. 'స్ట్రాంగ్ విండ్' అనగా ఉధృతముగా వీచు గాలి. 'స్ట్రాంగ్ యాక్సెంట్' అనగా మనిషి ఏ ప్రాంతమువాడో నోరు విప్పగనే తెలియజేయు యాస. 'స్ట్రాంగ్ కరెన్సీ' అనగా ఇతర దేశముల నాణెములతో మారకమున మంచి విలువ పలుకు నాణెము. 'స్ట్రాంగ్ స్టమక్' గలవాడనగా రాళ్ళు తిని అరిగించుకొనువాడు మాత్రమే కాదు, రోత పుట్టించు దృశ్యములు చూచియు చలింపనివాడు. ఇక ఒకడు సభలో 'స్ట్రాంగ్ లాంగ్వేజ్' వాడెనని పత్రికలో చదివినచో, అతని భాష బలిష్ఠముగ ఉన్నదని సంతోషింపరాదు. అతడు పరుషముగ మాటలాడెననియో, తిట్టెననియో గ్రహింపవలెను.

త్రాడు, టీ, వాసన, గాలి, యాస, నాణెము, కడుపు, తిట్టు – వీటన్నిటి ముందును నిలిచిన మాట ఒక్కటే. కాని తెలుగులో దీనికి ఒక్కచోట గట్టి, ఒక్కచోట చిక్కని, ఒక్కచోట ఘాటైన, మరొకచోట పరుషమైన అని చెప్పవలసి వచ్చినది. అర్థము విశేషణమున మాత్రమే ఉన్నచో ఇట్లు జరుగదు.

ఇంతకంటె విచిత్రమైనది, ఈ మాట చేరని చోట్ల సంగతి. గాలి ఉధృతముగా వీచినచో 'స్ట్రాంగ్' అనెడి ఆంగ్లేయుడు, వాన ఉధృతముగా కురిసినచో ఆ మాట అనడు. 'హెవీ రెయిన్' అనును. ఆ 'హెవీ' అను మాటకు పాఠశాలలో నేర్పు అర్థము 'బరువైన'. వానను ఎవరు తూచిరి? భారత వాతావరణ శాఖవారు వానను మిల్లీమీటర్లలో కొలిచి, 24 గంటలలో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిసినచో 'హెవీ' అనియు, 204.4 వరకు 'వెరీ హెవీ' అనియు, అంతకు మించినచో 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ' అనియు పేర్లు పెట్టిరి. అనగా ఇది లోతునకు సంబంధించిన లెక్కయే కాని బరువునకు సంబంధించినది కాదు. మన పత్రికలు దీనిని 'భారీ వర్షము' అని వ్రాయుచున్నవి. పల్లెలో రైతు మాత్రము 'కుండపోత' అనును. ఆ మాటలో వాన ఆకారమే కనబడుచున్నది.

అట్లే మోటారుకారు ఇంజనునకు ఆంగ్లములో 'పవర్‌ఫుల్' అను మాట ఇంపుగా ఉండును; 'పవర్‌ఫుల్ టీ' అన్నచో ఎబ్బెట్టుగా ఉండును. కాని వాదము, మందు, అయస్కాంతము అనువాటి ముందు ఈ రెండు విశేషణములలో దేనినైనను నిలుపవచ్చును. నిఘంటువులో ఇరుగుపొరుగున ఉన్న ఈ రెండు మాటలు ఒక ఇంటికి కలిసి వెళ్ళును, మరొక ఇంటికి ఒక్కటియే వెళ్ళును.

విరుద్ధ పదముల పరీక్ష

మన ప్రశ్నపత్రములలో 'వ్యతిరేక పదములు వ్రాయుము' అను ప్రశ్న సర్వసాధారణము. స్ట్రాంగ్ – వీక్. ఇది నిశ్చితమైన జవాబు. అయితే పై జతలకు ఒక్కొక్కదానికి వ్యతిరేకము వ్రాసి చూతము. స్ట్రాంగ్ టీకి వీక్ టీ సరిపోయినది. కాని స్ట్రాంగ్ విండునకు వ్యతిరేకము 'లైట్ విండ్'. 1805లో ఫ్రాన్సిస్ బోఫర్టు అను బ్రిటిషు నౌకాధికారి గాలి ఉధృతిని తెలుపుటకు ఒక మానమును ఏర్పరచెను. నేటికిని వాడుకలోనున్న ఆ మానమున 2వ మెట్టు 'లైట్ బ్రీజ్', 6వ మెట్టు 'స్ట్రాంగ్ బ్రీజ్', 9వ మెట్టు 'స్ట్రాంగ్ గేల్'. అందు 'వీక్' అను మాటయే లేదు. స్ట్రాంగ్ యాక్సెంటునకు వ్యతిరేకము 'స్లైట్ యాక్సెంట్'. స్ట్రాంగ్ లాంగ్వేజికి వ్యతిరేకము 'మైల్డ్' అనదగిన భాష.

ఒక్క మాటకు ఇన్ని వ్యతిరేక పదములున్నవనగా, అది ఒక్క మాటగా కనబడు పలు మాటలని అర్థము. కావున జతను చూపక విడిమాటకు వ్యతిరేక పదమును అడుగు ప్రశ్న సగము ప్రశ్న మాత్రమే. దానికి వ్రాయు జవాబు కూడ సగము జవాబే.

మన భాషలో మాత్రము?

ఇది ఆంగ్లమునకు మాత్రమే పట్టిన తెగులని కొందరు అనుకొందురు. అది సరికాదు. 'పచ్చి' అను మన మాటను తీసికొనుడు. పచ్చి మిరపకాయ ఎండనిది. పచ్చి పాలు కాచనివి. పచ్చి కూర ఉడకనిది. పచ్చి గోడ తడి ఆరనిది. పచ్చి పుండు మాననిది. పచ్చి బాలింత కాన్పయి ఇంకను కొద్ది దినములే అయినది. ఇంతవరకు 'ఇంకను కావలసిన మార్పు కానిది' అని ఒక సూత్రము చెప్పి తప్పించుకొనవచ్చును. కాని పచ్చి అబద్ధము సంగతి ఏమి? అది ఎండిన తరువాత నిజమగునా? పచ్చి మంచినీళ్ళు కూడ ముట్టలేదన్నపుడు ఆ నీళ్ళు కాచలేదని చెప్పుట మన ఉద్దేశము కాదు కదా!

'గాఢ' అను మాటయు ఇట్టిదే. గాఢ నిద్ర, గాఢ పరిచయము, గాఢాంధకారము అందుము. నిద్రను ఆంగ్లేయుడు 'డీప్' అనును, అనగా లోతైనది. మనము లోతైన నిద్ర అనము. చీకటికి 'కారు' చేరును, వెన్నెలకు 'పండు' చేరును, ఎండకు 'మండు' చేరును. పండు చీకటి, కారు వెన్నెల అన్నచో చిన్న పిల్లలు కూడ నవ్వుదురు. ఎవరును వారికి ఈ నియమములను నేర్పలేదు. తల్లి నోటినుండి వారు మాటలను విడివిడిగా గాక జతలుగా విని నేర్చుకొనిరి. ఆంగ్లమును నేర్పునపుడు మాత్రము మనము జతలను విడదీసి, చిల్లర నాణెములవలె ఒక్కొక్క మాటను చేతికిచ్చుచున్నాము.

పండితులు చెప్పిన మాట

ఈ విషయమును గుర్తించినవారు లేకపోలేదు. జపానులో ఆంగ్ల బోధనకై కృషి చేసిన హెరాల్డు పామర్ 1933లో టోకియోనుండి ఆంగ్లములోని పదజతలను గూర్చి ఒక పెద్ద నివేదికను వెలువరించెను. అతని తరువాత ఆ కృషి సాగించిన ఎ. ఎస్. హార్న్‌బీ మరి ఇద్దరితో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో అచ్చటనే వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డు ప్రచురణగా లోకమంతటను వ్యాపించెను. ఆంగ్లమును ఇంటిభాషగా ఎరుగని విద్యార్థులే ఈ గ్రంథముల పుట్టుకకు కారణమగుట గమనింపదగినది. పుట్టుకతో ఆంగ్లము మాటలాడువానికి ఈ జతలు కంటికి కనబడవు. మనవంటివారికే అవి అడుగడుగున తగులును.

దీనికి సిద్ధాంతరూపము నిచ్చినవాడు జె. ఆర్. ఫర్త్. ఇతడు లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడుగా పనిచేసినవాడు. 1937లో మరల భారతదేశమునకు వచ్చి గుజరాతీ, తెలుగు భాషలను పరిశీలించినవాడు. 1944లో లండనులో సామాన్య భాషాశాస్త్రమునకు ఆచార్యుడైనవాడు. మాటను దాని సహవాసమును బట్టి తెలిసికొనవలెనని ఇతడు 1957లో చెప్పెను. 'నైట్' అను మాట అర్థములో 'డార్క్' అను మాటతో చేరగల గుణము ఒక భాగమని అంతకుముందే 1951లో వ్రాసెను. ఇతని శిష్యుడు హాలిడే 1966లో 'స్ట్రాంగ్', 'పవర్‌ఫుల్' అను మాటలనే ఉదాహరణగా తీసికొని, టీకి మొదటిది, కారునకు రెండవది, వాదమునకు రెండును చేరుటను చూపి, దీనిని వ్యాకరణ నియమములతో మాత్రమే వివరింపజాలమని నిరూపించెను.

ఈ సిద్ధాంతము గొప్పది. అయినను దానిని పూర్తిగా అంగీకరించుటకు ముందు ఒక ప్రశ్న వేయవలెను. మాట అర్థము సహవాసమును బట్టియే నిర్ణయమగునన్నచో, 'స్ట్రాంగ్ యాసిడ్' అను జత అర్థమును కూడ సహవాసమే చెప్పవలెను. టీతోను, కాఫీతోను, సారాయితోను, మందుతోను చేరినపుడు 'స్ట్రాంగ్' అనగా 'నీరు తక్కువ, సరకు ఎక్కువ' అని అర్థము. ద్రవములతో దీని సహవాసము ఇట్టిది. యాసిడ్ కూడ సీసాలో పోసిన ద్రవమే. కావున 'స్ట్రాంగ్ యాసిడ్' అనగా 'నీరు తక్కువ కలిపిన ఆమ్లము' అని విద్యార్థి ఊహించును. సహవాస సూత్రము ప్రకారము ఆ ఊహ న్యాయమైనదే. శాస్త్రము ప్రకారము అది తప్పు.

ఆమ్లము బలము – ఆమ్లము గాఢత

ఆమ్లము నీటిలో కలిసినపుడు దాని అణువులు విడిపోయి హైడ్రోజను అయానులను ఇచ్చును. స్వీడను దేశీయుడగు అర్హీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన వ్యాసముతో ఈ భావమునకు పునాది వేసెను. 1903లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. దీనిని బట్టి, నీటిలో కలిసిన అణువులలో దాదాపు అన్నియు విడిపోవు ఆమ్లమును బలమైన ఆమ్లమందురు. కొన్ని మాత్రమే విడిపోవు ఆమ్లమును బలహీన ఆమ్లమందురు. ఇది ఆ పదార్థపు స్వభావము. నీరు ఎంత కలిపితిమను దానితో దీనికి ప్రమేయము లేదు. నీటి పాలు ఎంతయో చెప్పునది గాఢత. నీరు తక్కువైనచో గాఢ ద్రావణము, ఎక్కువైనచో విలీన ద్రావణము.

హైడ్రోక్లోరికామ్లము బలమైనది. సీసాలో గాఢముగ నున్నను, బకెట్టెడు నీటిలో రెండు చుక్కలుగా నున్నను అది బలమైన ఆమ్లమే. ఎసిటికామ్లము బలహీనమైనది. లీటరు ద్రావణమున 6 గ్రాముల ఎసిటికామ్లమున్నచో వేయి అణువులలో సుమారు 13 మాత్రమే విడిపోవును. నీరు కలియని శుద్ధమైన ఎసిటికామ్లము 16.6 సెంటిగ్రేడు డిగ్రీల వద్దనే మంచువలె గడ్డకట్టును. దానికంటె గాఢమైన ఎసిటికామ్లము ఉండదు. అయినను అది బలహీన ఆమ్లమే. అయినను అది చర్మమునకు తగిలినచో కాల్చును.

ఇపుడొక లెక్క చూతము. లీటరు ద్రావణమున 60 గ్రాముల ఎసిటికామ్లము ఒక గాజుపాత్రలో ఉన్నది. మరొక పాత్రలో లీటరు ద్రావణమున 0.0365 గ్రాముల హైడ్రోక్లోరికామ్లము ఉన్నది. ఏది ఎక్కువ పులుపు? ఏ పాత్రలో హైడ్రోజను అయానులు ఎక్కువ? బలహీన ఆమ్లమున్న పాత్రలోనే! రెండవ దానికంటె అందు సుమారు నాలుగు రెట్లు హైడ్రోజను అయానులున్నవి. మొదటి దాని పి.హెచ్. సుమారు 2.4, రెండవ దాని పి.హెచ్. 3. పి.హెచ్. అంకె తగ్గుకొలది ఆమ్లత్వము హెచ్చునని చదువరులెరుగుదురు. 'బలమైన' అను మాటను టీ సహవాసముతో అర్థము చేసికొనిన విద్యార్థికి ఈ లెక్క కొరుకుడు పడదు.

టీకిని ఆమ్లమునకు గల భేదమును మరొక విధముగ కూడ చూపవచ్చును. టీలో నీరు పోసిన కొలది అది 'వీక్' అగును. బలహీన ఆమ్లములో నీరు పోసిన కొలది దాని అణువులు మరింత ఎక్కువ పాలు విడిపోవును! వేయింటికి 13 విడిపోవుచున్న ఎసిటికామ్లమును నూరు రెట్లు పలుచన చేసినచో, వేయింటికి సుమారు 125 విడిపోవును. దీనిని ఆస్ట్వాల్డు అను శాస్త్రజ్ఞుడు 1888లో ఒక నియమముగా రూపొందించెను. మొత్తము మీద ద్రావణము పులుపు తగ్గుననుట నిజమే. కాని విడిపోవు అణువుల పాలు పెరుగును. టీకి సంబంధించిన ఏ అనుభవమును దీనికి సాటి రాదు.

ఇక ప్రాణాపాయకరమైన సంగతి. హైడ్రోఫ్లోరికామ్లము శాస్త్రపరిభాషలో బలహీన ఆమ్లము. లీటరునకు పదవ వంతు మోల్ గల ద్రావణమున నూటికి ఎనిమిది అణువులు మాత్రమే విడిపోవును. కాని అది గాజును సయితము తినివేయును. అందుచే దానిని గాజుసీసాలలో ఉంచక ప్లాస్టిక్కు సీసాలలో ఉంచుదురు. చర్మముపై పడినచో, ఒక్కొక్కప్పుడు వెంటనే నొప్పియైనను తెలియకుండ లోనికి దిగి, శరీరములోని కాల్షియమును పట్టుకొని ప్రాణమునకే ముప్పు తెచ్చును. సీసాపై 'బలహీన ఆమ్లము' అని చదివి, 'బలహీనుడు మనలనేమి చేయును?' అని తలచువాడు ఒక విశేషణమును తప్పుగా చదివినందులకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో చెప్పనక్కరలేదు. ఆమ్లము బలము వేరు, గాఢత వేరు, అపాయము వేరు. మూడింటికిని నిత్యవ్యవహారమున 'స్ట్రాంగ్' అను ఒకే మాట వాడుకలో నున్నది.

బలమైన బలము

భౌతిక శాస్త్రమున ఈ మాట మరొక చిక్కు తెచ్చినది. పరమాణు కేంద్రకములోని కణములను కలిపి ఉంచునది 'స్ట్రాంగ్ ఫోర్సు'. మీటరును వేయి లక్షల కోట్ల భాగములు చేసినచో అందొక భాగమంత దూరమున ఇది పనిచేయును. 'ఫోర్సు'నకు మన పాఠ్యగ్రంథములలో 'బలము' అను పేరు స్థిరపడినది. 'స్ట్రాంగ్' అనగా 'బలమైన' అని కంఠస్థము చేసిన విద్యార్థి దీనిని 'బలమైన బలము' అని అనువదించును. దీని తోబుట్టువు 'వీక్ ఫోర్సు' కాగా, అది 'బలము లేని బలము' అగును! ఇచ్చట 'ప్రబల అన్యోన్యచర్య' అను పేరు కొంత మేలు. అది మాటకు మాట పెట్టక జతకు జత పెట్టినది.

ఈ పేర్లు కూడ తులనాత్మకములే కాని యథార్థ వర్ణనములు కావు. ప్రకృతిలోని నాలుగు మూలబలములలో 'వీక్' అని పేరుపొందినది అన్నిటికంటె బలహీనమైనది కాదు. ఆ స్థానము గురుత్వాకర్షణది. అది 'వీక్ ఫోర్సు' కంటెను ఎన్నో రెట్లు బలహీనము. పేరులోని విశేషణము చూచి వరుస నిర్ణయించువాడు ఇచ్చట కూడ తప్పుదారి పట్టును.

'పవర్' సంగతియు ఇట్టిదే. ఇంజను పవరును వాట్లలో కొలుతురు. అది సెకనునకు జరుగు పని. కళ్ళద్దాల పవరు అట్లు కాదు. 'నా అద్దాల పవరు రెండు' అనువాని అద్దములో వాట్లు లేవు. అది నాభ్యంతరమును మీటర్లలో తీసికొని ఒకటిని దానిచే భాగించగా వచ్చిన అంకె. రెండు పవరు అనగా నాభ్యంతరము అర మీటరు. ఇక వ్యాకరణములోనికి పోయినచో, జర్మను పండితుడు జాకబ్ గ్రిమ్ పెట్టిన పేరు ప్రకారము, సింగ్ – శాంగ్ – సంగ్ అని లోపలి అచ్చు మార్చుకొను క్రియలు 'స్ట్రాంగ్ వెర్బులు'. చివర 'ఎడ్' చేర్చుకొను వాక్ వంటివి 'వీక్ వెర్బులు'. వీటికి బలముతో గాని చిక్కదనముతో గాని ఏ సంబంధమును లేదు.

తప్పెవరిది? చేయవలసినదేమి?

ఇపుడు మన విమర్శను క్రోడీకరింతము. మాటకు మాట అర్థము అను పాతపద్ధతి లోపభూయిష్ఠము. అది 'స్ట్రాంగ్ టీ'నే వివరింపజాలదు. సహవాసమును బట్టి అర్థమను పండితుల పద్ధతి టీని, గాలిని, వానను చక్కగ వివరించినది. కాని ఆమ్లము వద్దకు వచ్చుసరికి దానిని మాత్రమే నమ్మిన విద్యార్థి దారి తప్పినాడు. ఎందువలన? నిత్యవ్యవహారమున జతను నిర్ణయించునది అలవాటు. శాస్త్రమున జతను నిర్ణయించునది నిర్వచనము. అయితే ఈ రెంటిలోను సామాన్యమైన సత్యమొకటి కలదు. అర్థము విశేషణమునకు గాక జతకు చెందియున్నది. శాస్త్రజ్ఞుడు నిర్వచించినది 'స్ట్రాంగ్' అను మాటను కాదు, 'స్ట్రాంగ్ యాసిడ్' అను జతను.

'బలమైన ఆమ్లము' అను మన పారిభాషిక పదము ఆంగ్లమునకు మక్కికి మక్కియే. దానిని నేడు తీసివేసి మరొకటి పెట్టవలెనని నేననను. స్థిరపడిన పారిభాషిక పదమును మాటిమాటికి మార్చుట కూడ విద్యార్థికి హానియే. పైగా ఈ విషయమున మన భాషకొక సౌకర్యమున్నది. ఆంగ్లములో టీకిని, ఆమ్లమునకును ఒకే విశేషణము చేరి చిక్కు కలుగజేయుచున్నది. తెలుగులో టీ 'చిక్కనిది', ద్రావణము 'గాఢమైనది', ఆమ్లము 'బలమైనది'. మూడు సంగతులకు మూడు మాటలు సిద్ధముగ నున్నవి. తెలుగులోనే ఆలోచించు విద్యార్థికి పొరపాటు పడవలసిన అవసరము తక్కువ. కాని మనము హోటలులో 'స్ట్రాంగ్ టీ' అని అడిగి, ప్రయోగశాలలో 'స్ట్రాంగ్ యాసిడ్ తెమ్మ'ని గాఢామ్లపు సీసాను చూపి, ఆంగ్లేయుని చిక్కును కోరి తెచ్చుకొనుచున్నాము. కావలసినది గాఢామ్లమైనచో గాఢామ్లమనియే అడుగవలెను. ఆంగ్లములోనైనచో 'కాన్సన్‌ట్రేటెడ్' అను మాట ఉండనే ఉన్నది.

ఉపాధ్యాయులు చేయదగిన పనులు కష్టమైనవి కావు. ఆంగ్లోపాధ్యాయుడు నల్లబల్లపై 'స్ట్రాంగ్ – బలమైన' అని వ్రాయుటకు బదులు, నాలుగైదు జతలను వ్రాసి ఒక్కొక్కదానికి తగిన తెలుగు మాటను పిల్లలచే చెప్పింపవలెను. పిల్లలకు ఆ తెలుగు మాటలు వచ్చియే ఉండును. వ్యతిరేక పదము అడిగినపుడు జతతో కలిపి అడుగవలెను. పిల్లల నోటు పుస్తకములో విడిమాటల పట్టికకు మారుగా జతల పట్టిక ఉండవలెను. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు 'బలమైన ఆమ్లము' అను పాఠము చెప్పుటకు ముందు, 'స్ట్రాంగ్ టీ అనగా ఏమి?' అని అడిగి, పిల్లల మనసులో నున్న అర్థమును బయటకు లాగి, తాను చెప్పబోవునది అది కాదని స్పష్టము చేయవలెను. తరువాత నాలుగు సీసాలు చూపవలెను: బలమైన గాఢామ్లము, బలమైన విలీనామ్లము, బలహీనమైన గాఢామ్లము, బలహీనమైన విలీనామ్లము. గాఢామ్లముల సీసాలను తానే పట్టుకొని చూపవలెను, పిల్లల చేతికీయరాదు. ఈ నాలుగింటిని ఒక్కమారు చూచిన విద్యార్థి బలమును గాఢతను మరల కలగాపులగము చేయడు.

ఆంగ్ల తరగతికిని విజ్ఞానశాస్త్రపు తరగతికిని నడుమనున్న గోడ పెద్దలు కట్టినదే. పిల్లవాడు మాత్రము ఒకే నాలుకతో, ఒకే మనస్సుతో ఆ గదినుండి ఈ గదికి వచ్చుచున్నాడు. అచ్చట నేర్చిన సగము అర్థమును జేబులో వేసికొని ఇచ్చటికి తెచ్చుచున్నాడు. కావున ఇరువురు ఉపాధ్యాయులును ఒక గంట కూర్చుండి, తమ తమ పాఠములలో ఉమ్మడిగా వచ్చు విశేషణములను – స్ట్రాంగ్, వీక్, హెవీ, లైట్, హార్డ్, ఫ్రీ వంటివానిని – ఒక కాగితముపై వ్రాసికొనినచో, ఆ కాగితము ఆ పాఠశాలకు ఒక చిన్న నిఘంటువు కాగలదు. మాటకు అర్థము అడిగిన విద్యార్థికి వెంటనే జవాబు చెప్పక, 'ఏ మాట ప్రక్కన చూచితివి?' అని ఎదురుప్రశ్న వేయుట ఆ నిఘంటువునకు మొదటి పుట.